పడుగు వంకర, పాదం మొద్దు: ఒక నేత కార్మికుడి కేసు

నలభై ఆరేళ్ల నేత కార్మికుడు. మునుగోడు వైపు ఊరు. మూడేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. నల్లగొండలోని మా కంటి క్లినిక్‌కు వచ్చిన రోజు ఆయన సంచిలో రెండు ఫైళ్లున్నాయి. ఒకటి కంటిది, ఇంకొకటి కాలిది. ఆసుపత్రులు వేరు, డాక్టర్లు వేరు. జబ్బు పేరు దగ్గర మాత్రం రెండింటిలోనూ ఒకటే మాట: షుగర్ ప్రభావం. షుగర్ వల్ల రెటీనా (కంటి వెనుక తెర) మధ్యలో వాపు వచ్చిందని కుడికంట్లో మూడు ఇంజెక్షన్లు వేశారు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయని కాలికి విటమిన్ మాత్రలు, తిమ్మిరి మాత్రలు రాశారు. ఇంజెక్షన్లతో చూపు మారలేదు. మాత్రలతో పాదంలో స్పర్శా తిరిగి రాలేదు.

ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

"దూరం మంచిగనే కనవడ్తది సారు. మగ్గం మీద కూసుంటెనే తిప్పలు. పడుగు పోగులు ఒక్క కాడ వంగినట్టు కనవడ్తయి. చెయ్యి పెట్టి చూస్తె సక్కగనే ఉంటయి."

ఈ ఒక్క మాటలో సగం రోగ నిర్ధారణ ఉంది. గీతలు వంకరగా కనిపిస్తున్నాయంటే రెటీనా మధ్యభాగం, అంటే మాక్యులా, దెబ్బతింటోందని అర్థం. దాన్ని పట్టుకోవడానికి మేం గళ్ల కాగితం ఒకటి చేతికిచ్చి, ఒక్కో కన్ను మూసి చూడమంటాం. దాన్ని ఆంస్లర్ చార్ట్ అంటారు. ఈయనకు ఆ కాగితంతో పనే లేదు. రోజుకు పది గంటలు వేల పోగుల నిలువు గీతల ముందు కూర్చునే మనిషి. ఏ కంటికి ఏ పక్క వంకర కనిపిస్తోందని అడిగితే వెంటనే చెప్పారు. కుడికంటితో చూస్తే, చూసే చోటుకు కొంచెం ఎడమన. ఎడమకంటితో చూస్తే కొంచెం కుడిన. రెండు కళ్లలోనూ ముక్కు వైపున్న చూపులోనే తేడా. చూపులో ముక్కు వైపు అంటే రెటీనాలో కణత వైపు. రెండు కళ్లలోనూ ఒకే కొలతలో, కణత వైపు. షుగర్ వాపు ఇంత పద్ధతిగా రాదు.

ఆయన నేసేవి చిటికి కట్టి, అంటే నేయకముందే పోగులను ముడులు కట్టి, రంగులద్దిన చీరలు. పేక వేసిన ప్రతిసారీ పోగు మీది రంగు అంచును పడుగు మీది రంగుతో కలిపి సర్దుకోవాలి. వెంట్రుకవాసి తేడా వస్తే పువ్వు చెదురుతుంది. సంచిలోంచి రెండు గుడ్డ ముక్కలు తీసి చూపించారు. పాతదానిలో డిజైన్ అంచు శుభ్రంగా ఉంది. కొత్తదానిలో అక్కడక్కడ పువ్వు రెక్క పక్కకు జరిగింది. మాస్టర్ వీవర్ దాన్ని డ్యామేజీ కింద రాసి కూలీ కోశాడట. ఫైల్లోని రిపోర్టుల కంటే ఆ రెండు ముక్కలే జబ్బు ఎంత వేగంగా నడుస్తోందో నాకు బాగా చెప్పాయి.

కంటి పరీక్ష

దూరపు చూపు కుడికంట్లో 6/18, ఎడమకంట్లో 6/12 (మామూలు చూపు 6/6). దగ్గరి చూపు అంతకంటే దెబ్బతింది. చదవమంటే పదంలో ఒక అక్షరం మాయమవుతోందన్నారు. శుక్లం లేదు, కంటి ప్రెజర్ మామూలుగానే ఉంది.

కంటిపాప పెద్దది చేసి లోపల చూస్తే, రెటీనా అంచుల్లో షుగర్‌కు సంబంధించిన చిన్న ఎర్రచుక్కలు ఒకటి రెండు కనిపించాయి. అంతే. కొవ్వు మరకలు లేవు, నెత్తురు చిందిన గుర్తులు లేవు. మాక్యులాలో కణత వైపు మాత్రం రెటీనా తన పారదర్శకత పోగొట్టుకుని బూడిద రంగులో ఉంది. అందులో మెరిసే సన్నటి స్ఫటికాలు. ఒక చిన్న రక్తనాళం మాక్యులా వైపు వస్తూ ఉన్నట్టుండి నిటారుగా లోపలికి మలుపు తిరిగింది.

రెటీనా పొరలను అడ్డకోతలో చూపించే ఓసీటీ స్కాన్‌లో అసలు సంగతి బయటపడింది. రెటీనా పొరల మధ్య నల్లటి ఖాళీలున్నాయి. పైపైన చూస్తే వాపు నీరులాగే ఉంటాయి, అందుకే ఇంతకుముందు ఇంజెక్షన్లు పడి ఉంటాయి. కానీ వాపు ఉంటే రెటీనా మందం పెరగాలి. ఈయనకు కుడికంట్లో మధ్య మందం 196 మైక్రాన్లు. మామూలుగా ఇది 250కి అటూ ఇటూ ఉంటుంది. పలచబడిన చోట వాపు ఎక్కడిది? అవి నీటి సంచులు కావు. కణజాలం పోయి మిగిలిన ఖాళీలు. వెలుతురును పట్టే కణాల గీత కూడా కణత వైపు తెగి ఉంది. రంగుమందు ఎక్కించి తీసిన ఫోటోల్లో కణత వైపు లీకు కనిపించింది, కానీ ఆ ఖాళీల్లోకి రంగు చేరలేదు.

ఇది మాక్యులర్ టెలాంజియెక్టేసియా, టైప్ 2. క్లుప్తంగా మాక్‌టెల్ అంటాం. 1993లో గాస్, బ్లోడి అనే ఇద్దరు డాక్టర్లు ఈ జబ్బును తరగతులుగా విడదీశారు. అప్పట్లో దీన్ని రక్తనాళాల జబ్బు అనుకున్నారు, పేరులోనూ అదే మిగిలింది. ఇప్పుడు తెలిసిందేమిటంటే, ఇది ముందు నరకణాలనూ, వాటికి ఆసరాగా ఉండే ముల్లర్ కణాలనూ తినేసే జబ్బు. నాళాలు పాడవడం తర్వాతి సంగతి. మాక్‌టెల్ ఉన్నవాళ్లలో చాలామందికి షుగర్ కూడా ఉంటుంది కాబట్టి ఇది షుగర్ ఫైల్లో కలిసిపోవడం కొత్తేమీ కాదు. కొత్త నాళాలు పుట్టి రెటీనా కింద నెత్తురు కారే దశ వస్తే తప్ప కంటి ఇంజెక్షన్లు దీనికి పనిచేయవు. ఈయన ఆ దశలో లేరు.

మామూలుగా అయితే ఇక్కడితో ఆగి, ఆరు నెలలకోసారి రమ్మని పంపేవాణ్ని. మాక్‌టెల్ సాధారణంగా అరవైకి దగ్గరవుతున్నప్పుడు ఇబ్బంది పెడుతుంది. నలభై ఆరుకే ఇంత ముదిరింది, పైగా రెండో ఫైలొకటి ఉంది. చెప్పులు విప్పమన్నాను.

కంటి డాక్టర్ చెప్పులు విప్పమంటే మన దగ్గర రోగులు వింతగా చూస్తారు. ఈయన భార్య మాత్రం వెంటనే ముందుకొచ్చారు. "గదే సారు, ఎవ్వలు అడుగుతలేరు. ఆయనకు కాలు కాలినా తెల్వది, కోసినా తెల్వది."

పాదాలు

ఆయనది గుంట మగ్గం. గుంటలో కాళ్లు దించి, కింద కర్రలను ఉత్తకాళ్లతో తొక్కుతారు. ఒకరోజు కర్రలోంచి మేకు పైకి తేలింది. పొద్దుట్నుంచి దాని మీదే తొక్కుతూ నేశారు. మధ్యాహ్నం అన్నానికి లేచి నడిచినప్పుడు నేల మీద నెత్తుటి అచ్చులు పడితే భార్య చూసి కేక పెట్టారట. అప్పటిదాకా ఆయనకు తెలియదు. ఆ పుండే కుడిపాదం కింద, బొటనవేలి మొదట్లో, నెలల తరబడి మానకుండా ఉంది. చుట్టూ చర్మం గట్టిపడి, మధ్యలో గుంట. నొక్కితే ఆయన ముఖంలో మార్పు లేదు.

రెండు పాదాల్లోనూ మోకాలి కింద సగం దాకా సూదిమొనకూ మొండి కొనకూ తేడా తెలియడం లేదు. వేడినీళ్ల సీసా, చన్నీళ్ల సీసా తాకిస్తే రెండూ ఒకటే అన్నారు. ట్యూనింగ్ ఫోర్క్ అదురు మాత్రం చీలమండ దగ్గర కొంత తెలుస్తోంది. మడమల మీద నడవమంటే నడవలేకపోయారు, పాదం ముందుభాగం ఎత్తే కండరాలు సన్నబడ్డాయి. చీలమండ రిఫ్లెక్స్, అంటే సుత్తితో తడితే పాదం కదలడం, లేదు. చేతులు బాగానే ఉన్నాయి, అదొక్కటే ఊరట.

ఇంకో సంగతి ఆయనే చెప్పారు. రాత్రిపూట పాదంలో కరెంటు కొట్టినట్టు సర్రున పోటు వస్తుందట, క్షణంలో పోతుందట. మొద్దుబారిన కాలికి పోటు ఏమిటని ఇంట్లోవాళ్లే నమ్మలేదు. కాలు మొద్దుబారడం ఎప్పుడు మొదలైందని అడిగితే "ఇరవై అయిదు ఏండ్లప్పుడు సారు" అన్నారు. షుగర్ వచ్చింది మూడేళ్ల కింద. పాదం మొద్దుబారింది ఇరవై ఏళ్ల కింద. ఈ లెక్క కాలి ఫైల్లో ఎక్కడా లేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

మన జిల్లాలో కాళ్లు మొద్దుబారితే

నల్లగొండలో కాళ్ల తిమ్మిరితో వచ్చిన మనిషికి షుగర్ కాకుండా ఇంకో మూడు కారణాలు వెతకాల్సిందే. న్యూరాలజీ చేసే మిత్రుడితో కలిసి వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చూశాం.

మొదటిది ఫ్లోరైడ్. మునుగోడు, మర్రిగూడ, చౌటుప్పల్ వైపు దీని గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నా, ఈయన చిన్నప్పుడంతా బోరు నీళ్లే తాగారు. పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర కొంచెం గట్టిపడింది. అంటే ఫ్లోరోసిస్ ఉంది. కానీ ఫ్లోరోసిస్ నరాలను దెబ్బతీసే తీరు వేరు. వెన్నెముకలో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి, రిఫ్లెక్సులు పెరుగుతాయి. ఈయనవి పూర్తిగా పోయాయి. ఎంఆర్ఐలో వెన్నుపాము మీద ఒత్తిడి లేదు. ఫ్లోరైడ్ ఈయన ఒంట్లో ఉన్న మాట నిజం, ఈ జబ్బుకు కారణం మాత్రం కాదు.

రెండోది కుష్టు. 2005 చివరికల్లా దీన్ని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు మన దేశం ప్రకటించింది, అంటే కేసులు లేవని కాదు. నొప్పి తెలియని పుండు చూసినప్పుడు ఇది తప్పక గుర్తురావాలి. మోచేతి వెనుక, మోకాలి పక్కన నరాలు తడిమితే లావు కాలేదు. చర్మం మీద స్పర్శలేని మచ్చలు లేవు. చర్మపు స్మియర్‌లో క్రిములు లేవు. పైగా కుష్టులో స్పర్శ మచ్చలు మచ్చలుగా పోతుంది, రెండు కాళ్లలోనూ సమానంగా మేజోడు తొడిగినట్టు పోదు.

మూడోది తాగుడు, బీ12 విటమిన్ లోపం. కల్లు అప్పుడప్పుడు తాగుతానన్నారు, రోజూ కాదు. భార్య కూడా అదే చెప్పారు, కాబట్టి నమ్మాం. బీ12 కొంచెం తక్కువుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఇది మామూలే. ఇంజెక్షన్లతో సరిచేశాం, కాలిలో మార్పు లేదు.

ఇక షుగర్. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.9. మూడేళ్ల షుగర్, ఇంత అదుపులో ఉండగా, మేకు దిగినా తెలియని స్థితి రావడం కష్టం. నరాల కండక్షన్ టెస్టులో కాళ్లలో స్పర్శ నరాల సంకేతమే రాలేదు, కదలిక నరాల బలం కూడా తగ్గింది. నరం పైపొర కాదు, నరపు తీగే పోతోంది.

అప్పుడు కుటుంబం గురించి మళ్లీ మొదటినుంచి అడిగాం. ‘మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుందా’ అని అడిగితే లేదనే అంటారు. కాలివేళ్లు తీసేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే ఆయన కాసేపు భార్య వైపు చూశారు. తల్లికి రెండు వేళ్లు తీసేశారు. ఊళ్లో పెద్దరోగం అన్నారు. కంచం, చెంబు వేరు పెట్టారు. ఆమె పోయేదాకా వాకిట్లోనే పడుకున్నారు. చివరి రోజుల్లో కళ్లు కనపడటం లేదంటే శుక్లాలనుకున్నారు, ఎవరికీ చూపించలేదు. అన్న భివండీలో పవర్‌లూమ్ పనిలో ఉన్నారు, ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. చౌటుప్పల్‌లో ఇచ్చిన చెల్లెలికి పిక్క మీద పెద్ద కాలిన మచ్చ ఉంది. బండి సైలెన్సర్ ఆనుకుని చర్మం కాలుతున్నా ఆమెకు తెలియలేదు, వాసన వస్తే భర్త బండి ఆపాడు.

తల్లి, కొడుకు, కూతురు. ఒక తరం నుంచి ఇంకో తరానికి నేరుగా, ఆడా మగా తేడా లేకుండా. జీన్ టెస్టుకు రక్తం హైదరాబాద్ ల్యాబుకు పంపాం.

జీన్ టెస్టులో తేలింది

ఎస్‌పీటీఎల్‌సీ1 అనే జీన్‌లో, ప్రొటీన్ గొలుసులో 133వ స్థానంలో సిస్టీన్ ఉండాల్సిన చోట టైరోసిన్ ఉంది. ఇది ముందే తెలిసిన మార్పు. పుట్టుకతో సంక్రమించే స్పర్శ నరాల జబ్బు, హెచ్‌ఎస్ఏఎన్ టైప్ 1. ఈ జీన్‌కూ ఆ జబ్బుకూ సంబంధం 2001లోనే బయటపడింది. కంటితో సంబంధం బయటపడటానికి ఇంకో పద్దెనిమిదేళ్లు పట్టింది.

2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన అది. ఒక మాక్‌టెల్ రోగి జీన్లు చదువుతుంటే ఈ నరాల జబ్బు జీన్‌లో మార్పు కనిపించింది. సరే, ఈ నరాల జబ్బు ఉన్న మిగతావాళ్ల కళ్లు ఎలా ఉన్నాయని చూశారు. మొత్తం 11 మందిలో 9 మందికి మాక్‌టెల్ ఉంది. కాళ్ల డాక్టర్లు కళ్లు చూడలేదు, కళ్ల డాక్టర్లు కాళ్లు చూడలేదు, అందుకే అన్నాళ్లు తెలియలేదు. ఇది అక్కడి సంగతే కాదు, మన రెండు ఫైళ్ల సంగతీ ఇదే.

లోపల జరిగేది ఇది. ఒంట్లో ప్రతి కణానికీ స్ఫింగోలిపిడ్లు అనే కొవ్వులు కావాలి, నరాలకు మరీ ఎక్కువ. వాటి తయారీలో మొదటి మెట్టు సీరిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒక కొవ్వు ఆమ్లంతో అతికించడం. ఆ పని చేసే ఎంజైమ్‌లో ఒక భాగాన్ని ఈ జీన్ తయారుచేస్తుంది. జీన్ మారితే ఎంజైమ్ సీరిన్‌తో పాటు దాని పోలికలో ఉండే ఎలనిన్‌ను కూడా అతికించేస్తుంది. ఎలనిన్‌లో ఒక ఆక్సిజన్ కొమ్మ తక్కువ. అలా పుట్టిన డీఆక్సీ స్ఫింగోలిపిడ్‌కు కూడా ఆ కొమ్మ ఉండదు. మామూలు కొవ్వును కణం వాడుకున్నాక విరగ్గొట్టేది ఆ కొమ్మ పట్టుకునే. ఆయనకు ఇలా చెప్పాను: బావిలో పడ్డ బకెట్‌కు పిడి ఉంటే కొక్కెం వేసి తీస్తాం, పిడి ఊడిన బకెట్ అడుగునే ఉండిపోతుంది. అలా ఉండిపోయిన కొవ్వు కణానికి విషం. ఒంట్లో అన్నిటికంటే పొడుగైన నరాలు పాదాలకు వెళ్లేవి, అవి ముందు చస్తాయి. రెటీనాలో మాక్యులా కూడా అంతే సున్నితం. పైగా మాక్యులాలోని ముల్లర్ కణాలు తమకు కావలసిన సీరిన్‌ను చాలావరకు అక్కడే చక్కెర నుంచి తయారుచేసుకుంటాయి. అక్కడ సీరిన్ తగ్గితే నష్టం ముందు అక్కడే కనిపిస్తుంది.

ఆ పరిశోధనలో ఇంకో భాగం ఉంది, నాకు అదే ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది. ఈ జీన్ మార్పు లేని మామూలు మాక్‌టెల్ రోగులు 125 మంది రక్తం చూశారు. జబ్బు లేని 94 మందితో పోలిస్తే వాళ్లలో సీరిన్ 20.6 శాతం తక్కువ, ఆ పిడిలేని కొవ్వులు 84.2 శాతం ఎక్కువ. అంటే జీన్ చెడిపోయినా, సీరిన్ కరువైనా చేరేది ఒకే చోటుకు. ఎంజైమ్ ముందు సీరిన్ తక్కువుంటే మంచి ఎంజైమ్ కూడా ఎలనిన్‌ను అందుకుంటుంది.

అందుకే రిపోర్టు చూసి "అయితే షుగర్ కాదన్నట్టే కదా సారు" అని ఆయన అడిగినప్పుడు అవునని అనలేదు. షుగర్‌లో సీరిన్ తగ్గుతుంది, పిడిలేని కొవ్వులు పెరుగుతాయి. 2023లో నేచర్ పత్రికలో వచ్చిన ఎలుకల అధ్యయనంలో, సీరిన్ లేని తిండికి కొవ్వు తిండి తోడైనప్పుడు పాదాల సన్న నరాలు త్వరగా పోయాయి. షుగర్ ఉన్న ఎలుకలకు సీరిన్ ఇస్తే ఆ నష్టం నెమ్మదించింది. కాబట్టి ఈయన జబ్బుకు మూలం జీన్, కానీ గత మూడేళ్లలో వేగం పెరగడానికి షుగర్ చెయ్యి వేసి ఉండవచ్చు. అది నా అంచనా, ఏ టెస్టూ దాన్ని తేల్చి చెప్పలేదు. రక్తంలో ఆ కొవ్వులను కొలిచే పరీక్ష మామూలు ల్యాబుల్లో చేయరు, అందుకని చేయించలేదు. ఏదైనా, షుగర్ కాదని తేలిందని మాత్రలు మానేస్తే మాత్రం రెండు విధాలా నష్టం.

వైద్యం

ముందు చేసింది కొన్ని ఆపడం. కంటి ఇంజెక్షన్లు ఆపేశాం. కంటి విటమిన్ మాత్రలు నెలకు వెయ్యి రూపాయల పైనే అవుతున్నాయి, మాక్‌టెల్‌లో వాటితో చూపు తిరిగొస్తుందని ఆధారం లేదు, అవీ ఆపాం.

తర్వాత పాదం. ఇదే అన్నిటికంటే పెద్ద వైద్యమని నేనంటే కంటి డాక్టర్ మాటలా ఉండదు, కానీ అదే నిజం. ఈ జబ్బులో మనుషులు వేళ్లు, పాదాలు పోగొట్టుకునేది జీన్ వల్ల నేరుగా కాదు, తెలియని పుండు ఎముకదాకా పోవడం వల్ల. సర్జన్ పుండు శుభ్రం చేసి, బరువు పడకుండా కట్టు వేశారు. ఎముకలోకి ఇన్ఫెక్షన్ పోలేదు. మగ్గంలో తొక్కే కర్రలకు మెత్తటి రబ్బరు తొడిగించమన్నాం. కుష్టు, షుగర్ రోగులకు ఇచ్చే మెత్తటి అడుగు చెప్పులు వేసుకుని గుంటలోకి దిగమన్నాం. మొదట్లో ఒప్పుకోలేదు. చెప్పులేసుకుని మగ్గంలోకి దిగడమంటే ఆయనకు గుడిలోకి చెప్పులతో పోయినట్టే. చివరికి మగ్గం కోసమే వేరే జత కొని, బయట వాడకుండా గుంటలోనే ఉంచేలా ఒప్పందం కుదిరింది. రోజూ రాత్రి భార్య పాదాలు తిప్పి చూస్తారు. అద్దంలో ఆయనే చూసుకోవచ్చు కదా అంటారేమో, చూపు సరిగా లేని మనిషికి అద్దం సలహా పనికిరాదు.

ఇక సీరిన్. ఎలుకల్లో ఎల్-సీరిన్ ఎక్కువ పెడితే నరాల జబ్బు నెమ్మదించింది, ఎలనిన్ ఎక్కువ పెడితే ముదిరింది. మనుషుల్లో 2019లో వచ్చిన ట్రయల్ చాలా చిన్నది, 18 మంది. కిలో బరువుకు రోజుకు 400 మిల్లీగ్రాముల ఎల్-సీరిన్, ఏడాది పాటు. నరాల జబ్బు తీవ్రతను కొలిచే స్కోరులో మందు వాడినవారికీ వాడనివారికీ మధ్య ఒకటిన్నర పాయింట్ల తేడా వచ్చింది. పోయినది తిరిగిరాదు, పోవడం నెమ్మదిస్తుంది. కంటికి పనిచేస్తుందని ఇంకా ఎవరూ నిరూపించలేదు. ఇవన్నీ ఆయనకూ భార్యకూ ముందే చెప్పాం.

ఈయన బరువు 58 కిలోలు, అంటే రోజుకు 23 గ్రాముల పొడి. కోడిగుడ్లు, పల్లీలు, సోయాలో సీరిన్ ఉంటుంది, కానీ తిండితో ఈ మోతాదు అందదు. పొడిని మూడు పూటలా నీళ్లలో కలిపి తాగాలి. రుచి కొంచెం తియ్యగా ఉంటుంది, షుగర్ పెరుగుతుందని మొదట భయపడ్డారు. పెరగలేదు, రెండు మూడు నెలలకోసారి చూస్తూనే ఉన్నాం. మొదటి వారాల్లో కడుపు ఉబ్బరం ఉండేది. ఖర్చు మాత్రం నేత కూలీకి భారమే. జిమ్ షాపుల్లో దొరికే అమైనో ఆమ్లాల మిశ్రమాలు చవక అని ఎవరో చెప్పారట. వాటిలో ఎలనిన్ కలిసి ఉండవచ్చు, వద్దని గట్టిగా చెప్పాను.

రక్తంలో కొవ్వు తగ్గించే ఫినోఫైబ్రేట్ సంగతి కూడా రాయాలి, ఎందుకంటే నెట్‌లో చదివిన బంధువొకరు అడిగారు. 2019 పరిశోధనలో, ల్యాబులో పెంచిన రెటీనా కణజాలానికి ఫినోఫైబ్రేట్ ఇస్తే ఆ విషపు కొవ్వు నుంచి కణాలు కాపాడబడ్డాయి. చవక మాత్ర, ఊరి మందుల షాపులోనూ దొరుకుతుంది. కానీ గాజు పాత్రలో కణజాలం వేరు, మనిషి కన్ను వేరు. ట్రైగ్లిసరైడ్లు ఎక్కువుంటే ఎలాగూ ఇచ్చేవాళ్లం, ఈయనకు అవి మామూలుగానే ఉన్నాయి. ఇవ్వలేదు.

అమెరికాలో 2025 మార్చిలో మాక్‌టెల్‌కు మొదటి చికిత్సకు ఆమోదం వచ్చింది. కంటిలోపల అమర్చే చిన్న గొట్టం, అందులోని కణాలు సీఎన్‌టీఎఫ్ అనే రక్షక ప్రొటీన్‌ను విడుదల చేస్తూ ఉంటాయి. వెలుతురు కణాలు పోవడాన్ని నెమ్మదిస్తుంది, చూపు తిరిగి తేదు. ఆ ధరలో అది ఈయనకు అందేది కాదు. ఆశ పెట్టడం ఇష్టంలేక నేనుగా ఎత్తలేదు, అడిగినప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

పని విషయంలో కలిసి ఒక దారి చూశాం. పడుగులోనూ పేకలోనూ చిటికి ఉన్న చీరలు మానేసి, పేకలో మాత్రమే డిజైన్ ఉన్నవి నేయడం. మగ్గం మీద వెలుతురు పెంచడం, దగ్గరి అద్దాలు. కూలీ తగ్గింది, డ్యామేజీ కోత పోయింది. వికలాంగుల సర్టిఫికెట్ శిబిరానికి కూడా వెళ్లారు. కన్ను విడిగా, కాలు విడిగా లెక్క వేస్తే రెండూ హద్దు దాటలేదు. రెండిటినీ కలిపి చూడమని చీటీ రాసి మళ్లీ పంపాను.

ఇంట్లో వాళ్లు

చెల్లెలిని పిలిపించి చూశాం. చూపు రెండు కళ్లలోనూ 6/6, కంటి గురించి ఏ ఫిర్యాదూ లేదు. ఓసీటీలో కణత వైపు చిన్న ఖాళీ మొదలైంది. పాదాల్లో వేడి-చలి తేడా తెలియడం లేదు. అదే జీన్ మార్పు. ఆమెకు సీరిన్ ఇంకా మొదలుపెట్టలేదు, ఖర్చు చూసుకుని చెబుతానన్నారు. చెప్పులు మాత్రం ఆ రోజే కొన్నారు.

"మేనరికం చేసుకున్నందుకేనా సారు?" అని భార్య అడిగారు. ఆమె ఆయన మేనమామ కూతురు. ఊళ్లో కూడా అందరూ అదే అంటున్నారట. ఈ జబ్బుకు మేనరికం అవసరం లేదు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క చెడ్డ ప్రతి వస్తే చాలు. కానీ ఇక్కడ మేనరికానికి వేరే రకం ప్రశ్న ఉంది. జబ్బు అత్తగారిది. ఆ అత్తగారి అన్న, అంటే ఈమె తండ్రి, కూడా అదే జీన్ మోసి ఉంటే ఈమెకూ వచ్చి ఉండవచ్చు. అప్పుడు పిల్లలకు ప్రమాదం సగం కాదు, నాలుగింట మూడు వంతులు. ఆమె పాదాలు, ఓసీటీ బాగున్నాయి. డెబ్బై దాటిన ఆమె తండ్రికీ ఏమీ లేదు. అయినా ఆ ఒక్క మార్పు కోసమే పరీక్ష చేయించాం, లేదు. పిల్లలు ఒక్కొక్కరికీ రావడానికి అవకాశం సగం.

కొడుకుకు ఇరవై రెండు. టెస్టు కావాలని తనే వచ్చాడు. డ్రైవింగ్ లైసెన్స్‌కు అప్లై చేసే ముందు తెలుసుకోవాలని అన్నాడు. రిపోర్టులో మార్పు ఉంది. పాదాల్లో ఇప్పటికి ఏమీ లేదు, ఓసీటీ శుభ్రంగా ఉంది. అతనికి షుగర్ రాకుండా బరువు, తిండి చూసుకోవడం ఇప్పుడు చేయగలిగిన పెద్ద పని, ఏడాదికోసారి ఓసీటీ, నరాల పరీక్ష. కూతురికి ఇరవై. తనకు ఇప్పుడే వద్దంది. సంబంధాలు చూస్తున్న తండ్రి చేయించమని నన్ను ఒత్తిడి చేశారు. లక్షణాలు లేని పెద్ద పిల్ల, టెస్టు ఆమె ఇష్టం, రిపోర్టు కూడా ఆమెదే, మీకు చెప్పాలా వద్దా అన్నది కూడా ఆమే తేల్చుకుంటుందని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. పాదాల జాగ్రత్త, కంటి పరీక్ష మాత్రం టెస్టు లేకపోయినా చేయించుకుంటానని ఆ అమ్మాయి ఒప్పుకుంది.

ఏడాది తర్వాత ఆయన పుండు మానింది, కొత్తది రాలేదు. ఎడమకన్ను 6/12లోనే ఉంది. కుడికంట్లో ఖాళీ కొంచెం పెరిగింది, చూపు 6/24కు పడింది. నరాల కండక్షన్ టెస్టు అలాగే ఉంది, ఏడాదిలో మార్పు లేకపోవడం సీరిన్ వల్లనో జబ్బు నెమ్మది వల్లనో ఒక్క మనిషిని చూసి చెప్పలేం. హెచ్‌బీఏ1సీ 6.5కు దిగింది. రాత్రి పోట్లు మాత్రం తగ్గలేదు, నరాల పోటుకు ఇచ్చే ప్రీగాబాలిన్ మోతాదు న్యూరాలజిస్ట్ పెంచారు. వాడిన మొదటి వారం మగ్గం మీద మగతగా ఉందన్నారు, ఇప్పుడు రాత్రి ఒక్క పూటే వేసుకుంటున్నారు.